మా వంశపు ఉచ్చారణ

సింగపూర్‌లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి, మేనేజర్‌తో ఎలా మెలగాలి అని. వాటి గురించి నాకు పెద్దగా తెలియదు. నాకు తెలిసిందల్లా ఇంగ్లీషు మాటలు ఎలా పలకాలన్నది, అందులోనూ గ్రీకు నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాటలు. పదిహేనేళ్లపాటు నా ఉద్యోగం ఆ మాటల మీదే నడిచింది. వాటిలో ఒక మాటను ఆ పదిహేనేళ్లూ తప్పుగా పలికాను, అందరిచేతా పలికించాను, సరిగా పలికినవాళ్లను ఫెయిల్ చేశాను. ఆ సంగతి మీరు ఇతరుల నోట వినడం కన్నా నేనే చెప్పడం మర్యాద.

ముందు మా ఇంటి గురించి కొంత చెప్పాలి. చెప్పకపోతే అది మామూలు మనిషి చేసిన తప్పనుకుంటారు.

గోదావరి జిల్లాలో మాకు ఒక చిన్న ఎస్టేటు ఉండేది. మా తాతగారు పిల్లల ఇంగ్లీషు కోసం మద్రాసు నుంచి ఒక దొరను పిలిపించి జీతమిచ్చి పెట్టుకున్నారు. ఆ దొర రోజూ గంటసేపు మా నాన్నగారిచేత మాటలు పలికించేవాడు. తర్వాత ఎస్టేట్లు రద్దయ్యాయి. మిగిలింది కోర్టుల్లో పోయింది, కోర్టుల్లో పోనిది బంధువుల్లో పోయింది. మా నాన్నగారు ఒక సహకార బ్యాంకులో గుమాస్తాగా చేరారు. కానీ ‘సైకాలజీ’లో పి పలికిన మనిషిని ఆయన ఏనాడూ కూర్చోమనలేదు. మా పెళ్లిచూపుల్లో మా మామగారు న్యుమోనియాను ‘ప్న్యుమోనియా’ అన్నందుకు సంబంధం దాదాపు తప్పిపోయింది.

నాకు ఆయన ఇచ్చిన ఆస్తి ఆ ఉచ్చారణే. చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాణ్ణి: పి పక్కన ఎస్ గాని, ఎన్ గాని, టి గాని ఉంటే పి పలకకూడదు. సి, హెచ్ కలిసి వస్తే క అనాలి. ఎక్స్‌తో మొదలైతే జ అనాలి. “ఇవి గ్రీకు మాటలురా. వీటి మర్యాద వేరు” అనేవారు నాన్నగారు. భూమి ఉన్నవాళ్లకు ఆ మర్యాద తెలియదని, తెలిసినవాళ్లకు భూమి లేదని ఆయన బాధ.

సింగపూర్‌లో నేను పనిచేసిన కంపెనీ క్లినిక్‌ల తరఫున ఫోన్లు ఎత్తుతుంది. పేషెంటు ఫోన్ చేస్తే అది క్లినిక్‌కు వెళ్లదు, మా దగ్గరికి వస్తుంది. అపాయింట్‌మెంట్లు, రిపోర్టులు, పరీక్షకు ముందు ఏం తినకూడదో చెప్పడం, అన్నీ మేమే. నేను కూడా మొదట హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నవాణ్ణే. ఒకరోజు ఒక పెద్ద డాక్టరు ఫోన్ చేసి, నేను ‘ఆఫ్తల్మాలజీ’ అన్న తీరు విని మా మేనేజర్‌తో మెచ్చుకున్నాడు. మేనేజర్ చైనీస్ ఆవిడ, నాకన్నా పదేళ్లు చిన్న. వచ్చి నా బల్ల దగ్గర నిలబడి, “అంకుల్, యువర్ ఇంగ్లీష్ వెరీ పవర్ లా. యూ టీచ్ ఎవ్రీబడీ, క్యాన్?” అంది.

మాట చివర ‘లా’ తగిలించే ఇక్కడివాళ్ల అలవాటు సరే, అంకుల్ అన్న పిలుపు నాకు ఏనాడూ నచ్చలేదు. మా ఊళ్లో మా తాతగారి ఎదుట జనం చెప్పులు విప్పేవారు. ఇక్కడ హాకర్ సెంటర్ భోజనశాలలో పళ్లేలు తీసే అతనూ అంకులే, నేనూ అంకులే. అయినా ఆ రోజు సర్దుకున్నాను. టీచ్ అన్న మాట కోసం.

అలా నలభై మాటల జాబితా పుట్టింది. అన్నీ క్లినిక్‌లలో రోజూ వినిపించే గ్రీకు సంతానం. ఒక్కొక్కటీ నా గొంతుతో రికార్డు చేశాను. కొత్తగా చేరినవాళ్లు ఆరు నెలల్లోగా నా ఎదుట కూర్చుని ఆ నలభై చదవాలి. ముప్పై ఆరు సరిగా పలికితే ఉద్యోగం ఖాయం. మూడు అవకాశాలు. మన తెలుగువాళ్లు నా రికార్డింగులు విని తెలుగు లిపిలో రాసుకునేవారు. మన లిపి దయవల్ల నేను ఎలా పలికానో అలాగే, ఒక్క ఒత్తు కూడా పోకుండా, నోటుబుక్కుల్లోకి ఎక్కేది. నా తప్పు కూడా అంత శుభ్రంగానే ఎక్కింది.

ఆ మాట ఆప్నియా. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. నేను దాన్ని ఆనియా అనేవాణ్ణి. ఇంగ్లీషులో పి పక్కన ఎన్ ఉంది. మా ఇంటి సూత్రం ప్రకారం అక్కడ పి పలకకూడదు. నిఘంటువు చూడవచ్చు కదా అని మీరు అడుగుతారు. తన ఇంటి చిరునామా కోసం ఎవరైనా దారినపోయేవాణ్ణి అడుగుతారా?

విచిత్రం ఏమిటంటే ఎవరూ కాదనలేదు. మా ఆపరేటర్లు ఆనియా అన్నారు. క్లినిక్ వాళ్లు మా ఆపరేటర్ల నోట విని, ఇదేదో బ్రిటిష్ ఉచ్చారణ కాబోలు అనుకుని తమ నాలుకలు సవరించుకున్నారు. ఒకసారి ఒక మలయ్ నర్సు అందరి ముందూ ఆప్నియా అనేసి, నన్ను చూసి నాలుక కరుచుకుని “సారీ, అంకుల్” అంది. నేను క్షమించాను.

ఇలా సాగుతుండగా హైదరాబాద్ నుంచి ఒకమ్మాయి చేరింది. ముస్లిం కుటుంబం. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు. అక్కడ నాలుగేళ్లు ఒక ఆసుపత్రి నిద్ర పరీక్షల విభాగంలో టెక్నీషియన్‌గా చేసింది. ఇక్కడికి భర్త ఉద్యోగం మీద వచ్చారు. వచ్చిన ఏడాదికి అతని ఉద్యోగం పోయింది. ఇప్పుడు బెడోక్ పేటలో వాళ్ల ఇల్లు నిలబడాలన్నా, వాళ్ల పాప స్కూలుకు వెళ్లాలన్నా ఈమె ఉద్యోగమే ఆధారం. ఉద్యోగం ఖాయం కాకపోతే ముగ్గురూ సామాన్లు సర్దుకోవాలి. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు. మేనేజర్ చెప్పింది.

మొదటి పరీక్షలో ఆమెకు ముప్పై మూడు వచ్చాయి. ఫ్లెమ్‌ను ఫ్లెగ్మ్ అంది. ట్రాకియాను ట్రాచియా అంది. అవి నిజంగా తప్పులే, ఆమె కూడా ఒప్పుకుంది. రెండోసారి ముప్పై ఐదు. ఇంకొక్కటి కావాలి. కాగితం మీద నా ఎర్ర గుర్తులు చూసి, ఒకదాని మీద వేలు పెట్టింది.

“సర్, గిదెందుకు తప్పు?”

“పి పలికావమ్మా. ఆనియా అనాలి.”

“మా దగ్గర డాక్టర్లందరు ఆప్నియా అనే అంటరు సర్. నాలుగేండ్లు రోజు గదే మాట. పేషెంట్లు గూడ గట్లనే అంటరు.”

“జబ్బు వచ్చినంత మాత్రాన ఉచ్చారణ వస్తుందా?” అన్నాను.

ఆమె నవ్వలేదు. “పి పక్కన టి ఉన్నా పలకొద్దు అని మీరే చెప్పిన్రు. మరి హెలికాప్టర్ల టి ఉన్నది గద సర్. మీరు హెలికాటర్ అంటరా?”

“హెలికాప్టర్ యంత్రం. గ్రీకు మాట కాదు.”

అది కూడా గ్రీకు మాటేనని నాకు అప్పటికి తెలియదు. ఆమెకూ తెలియదు. కానీ ఆమె అడిగిన పద్ధతి సరైనది, నేను చెప్పిన జవాబు కాదు. ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. కుర్చీ చప్పుడు కాకుండా జరిపి లేచింది. ఆ లేవడం నాకు నచ్చింది. మా మేనత్తలు అలా లేచేవారు.

మూడో పరీక్షకు వారం ఉందనగా మా ఆవిడ నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. నేను గురక పెడతానని ఆవిడ ఫిర్యాదు. మా వంశంలో గురక లేదన్నాను.

“ఎందుకు లేదూ? మీ నాన్నగారు పడుకుంటే పక్కింటివాళ్లు లేచి కూర్చునేవారు. అయినా నాకు గురకతో పేచీ లేదండీ. అది ఆగినప్పుడే భయం.”

ఇంటికి ఒక చిన్న యంత్రం ఇచ్చి పంపారు. దాన్ని తగిలించుకుని నిద్రపోయి, తిరిగి పట్టుకెళ్లి ఇచ్చాక, డాక్టరు కంప్యూటర్‌లో గీతలు చూశాడు. ఆయన చైనీస్, జుట్టంతా నెరిసింది. “అంకుల్, మీకు స్లీప్ ఆప్నియా ఉంది. మధ్యస్థంగా ఉంది” అన్నాడు.

నేను వెన్ను నిటారుగా పెట్టి, “డాక్టర్, ఆనియా” అన్నాను.

మా ఆవిడ నా మోచేతిని గిల్లింది. డాక్టరు నవ్వాడు. “లేదు లా, అంకుల్. మాట మొదట్లో ఉంటేనే పి పలకరు. న్యుమోనియాలో లాగా. ఇక్కడ ముందు ‘ఆ’ వచ్చి కూర్చుంది కదా. పి మధ్యలో పడింది. మధ్యలో పడితే పలకాలి.” ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఏం చెప్పను, మా రిసెప్షన్ పిల్లలు కూడా ఇప్పుడు ఆనియా అంటున్నారు. ఎక్కడ నేర్చారంటే హెల్ప్‌లైన్ వాళ్ల దగ్గరట. అక్కడెవరో పాతకాలపు పెద్దమనిషి ఉన్నాడట, రాజుల కుటుంబమట. ఆయన్ను కాదనడానికి అందరికీ భయమట.”

ఆ పెద్దమనిషి ఎవరని నేను అడగలేదు. మా ఆవిడ నోరు తెరవబోతే ఈసారి మోచెయ్యి నేను గిల్లాను.

బుకిట్ పంజాంగ్‌లో మా ఇంటికి తిరిగి వెళ్తూ రైల్లో హెలికాప్టర్, హెలికాప్టర్ అని లోలోపల అనుకుంటున్నాననుకున్నాను. పైకే అన్నాను కాబోలు, ఎదుటి సీటులో యూనిఫాం వేసుకున్న స్కూలు పిల్ల లేచి వేరే పెట్టెలోకి వెళ్లిపోయింది.

“డాక్టరు చెప్పిందే నిజమైతే?” అంది మా ఆవిడ. ముప్పై ఏళ్ల కాపురంలో మా ఇంటి ఉచ్చారణ మీద ఆవిడ అనుమానపడటం అదే మొదలు.

“మాటలు కాలంతో మారుతుంటాయి. ఇదీ మారి ఉంటుంది” అన్నాను.

“ఇందాక మీరు డాక్టరును దిద్దిన తర్వాతనా?”

ఇంటికి వెళ్లి నిఘంటువు తీశాను. మాట మారలేదు. ‘మొదట్లో’ అన్న ముక్క దొర చెప్పే ఉంటాడు. మా నాన్నగారు వదిలేశారో, నేను వదిలేశానో తెలియదు. మా ఇంట్లో ఒక తరం నుంచి ఇంకో తరానికి వచ్చేసరికి దారిలో ఏది ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పలేరు. సూత్రంలో కూడా సగం పోయింది. మిగిలిన సగాన్ని నేను నిండు ఆస్తి అనుకుని పదిహేనేళ్లు ఏలాను.

పరీక్షకు మిగిలిన రోజులన్నీ ఆలోచించాను. ఆమెకు ఆ మాటకు మార్కు ఇస్తే, మునుపు ఎందుకివ్వలేదని మేనేజర్ అడుగుతుంది. ఇవ్వకపోతే ఒక కుటుంబం నా అబద్ధం వల్ల విమానం ఎక్కుతుంది. చివరికి పరువు పోగొట్టుకోని పెద్దమనుషులందరూ చేసే పనే చేశాను. జాబితాలోంచి ఆ మాట తీసేశాను. నలభై పూర్తి కావాలి కాబట్టి దాని స్థానంలో ‘టెలిఫోన్’ పెట్టాను. అది కూడా గ్రీకు మాటే కదా.

పరీక్ష రోజు మేనేజర్ కూడా వచ్చి కూర్చుంది. మూడో అవకాశం కాబట్టి ఆవిడ ఉండాలి. అద్దాల గదిలో మేము ముగ్గురం. ఆ అమ్మాయి చదవడం మొదలుపెట్టింది. కాగితం రెండు చేతులా పట్టుకుంది. ఫ్లెమ్ సరిగా అంది. ట్రాకియా సరిగా అంది. డయాఫ్రమ్ దగ్గర ఒక్క క్షణం ఆగి, సరిగా అంది. ముప్పై ఒకటో మాట దగ్గర పూర్తిగా ఆగిపోయింది. కాగితాన్ని కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది.

“టెలిఫోన్” అంది.

మేనేజర్ తన కాగితంలోకి చూసి, “అంకుల్, టెలిఫోన్ ఆల్సో మస్ట్ టెస్ట్, ఆ?” అంది.

“చాలామంది నిర్లక్ష్యం చేస్తారు” అన్నాను.

ముప్పై ఎనిమిది వచ్చాయి. మేనేజర్ చప్పట్లు కొట్టి, ఇంకేం, మకాన్‌కు, అంటే భోజనానికి, పోదాం, ఇవాళ లంచ్ నాది అంది. నేను సంతకం పెట్టడానికి పెన్ను తీశాను. ఆ అమ్మాయి లేవలేదు.

“సర్, ఆ మాట యాడికి పోయింది?”

“ఏ మాట?”

“మీకెర్కనే సర్.”

మేనేజర్ మా ఇద్దరి ముఖాలూ చూసి, ఏమైందని అడిగింది. ఆ అమ్మాయి ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది: పోయినసారి ఒక్క మార్కుతో ఫెయిలయ్యాను, ఆ మార్కు పోయింది ఒక మాట దగ్గర, ఆ మాట ఈసారి జాబితాలో లేదు.

నేను గొంతు సవరించుకున్నాను. భాష ఒక నది అని, ఉచ్చారణలు కాలక్రమంలో మార్పు చెందుతాయని, మారుతున్న వాడుకను గౌరవించి జాబితాను నవీకరించానని రెండు నిమిషాలు మాట్లాడాను. బాగానే మాట్లాడాను. మేనేజర్ తల కూడా ఊపింది.

“మారిందా సర్?” అంది ఆ అమ్మాయి తెలుగులో. “పోయిన నెలల మారలే, ఈ నెలల మారిందా?”

“నువ్వు పాసయ్యావు కదమ్మా. ఇంకేం కావాలి?”

“పాసయినందుకు సంతోషమే సర్. కానీ నా ఫైల్ల రెండుసార్లు ఫెయిల్ అనే ఉంటది. రేపు కాంట్రాక్ట్ రెన్యువల్ అప్పుడు గదే చూస్తరు. గింత మాట సక్కగ అననీకి రాదు అనుకుంటరు. నాకు వచ్చు సర్. నాకు రాదని మీరు రాసిన్రు. అది తీసెయ్యుండ్రి.” కాగితం నా వైపు జరిపి, “లేకుంటే ఈ పాస్ గూడ నాకొద్దు” అంది.

ఆమె మాటల్లో బెదిరింపు లేదు. నిజంగానే వద్దనేటట్టు కూర్చుంది. ఉద్యోగం లేని భర్త, స్కూలుకు వెళ్లే పాప, అన్నీ తెలిసే కూర్చుంది. నాకు మా వంశం మీద చాలా గౌరవం. కానీ ఆ గదిలో వంశం ఉన్నట్టు కూర్చున్నది ఆమె. నేను మాత్రం చేతివాటం చూపిస్తూ పట్టుబడిన గుమాస్తాలా ఉన్నాను.

“తప్పు నాది” అన్నాను మేనేజర్‌తో. “మాట మారలేదు. నేను మొదటి నుంచీ తప్పుగా పలుకుతున్నాను. ఆమె పలికిందే సరైనది.”

మేనేజర్ తన కాగితం బల్ల మీద పెట్టింది. తర్వాత, “ఫిఫ్టీన్ ఇయర్స్, అంకుల్?” అంది.

“పదిహేనేళ్లు.”

“అయ్యో” అంది. ఆ మాట ఇక్కడ అన్ని జాతులవాళ్లూ అంటారు. ఆవిడ అన్నప్పుడు మాత్రం మా మేనత్త అన్నట్టే వినిపించింది.

ఆమె ఫైలులో పాత కాగితం మీద నేనే స్వయంగా రాశాను, పరీక్షకుడి పొరపాటు అని, కింద సంతకంతో. రెండో పరీక్ష ఫెయిల్ కాస్తా పాస్ అయింది. రికార్డింగులు మార్చే విషయం మాత్రం మేనేజర్ వాయిదా వేసింది. ఇప్పుడు అన్ని క్లినిక్‌లూ ఆనియాకే అలవాటుపడ్డాయి, ఒక్కసారిగా మారిస్తే పేషెంట్లు కొత్త జబ్బు అనుకుంటారు అని ఆవిడ వాదన. మా ఆపరేటర్లకు నేనే వెళ్లి చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. సాయంత్రానికి మళ్లీ ఆనియా అన్నారు. ఆ మాట దగ్గర మార్కు పోయినవాళ్లు బాధపడకూడదని సర్ అలా అన్నారు, అసలైనది ఆనియానే అని వాళ్లలో వాళ్లు నిర్ణయించుకున్నారట.

ఆ అమ్మాయి మరునాడు నా బల్ల దగ్గరికి వచ్చింది. థాంక్స్ చెబుతుందనుకుని లేచి నిలబడ్డాను.

“సర్, గా మాట మీద ఇంకెవరన్న పోయిన్రా?”

నాకు ఆ ప్రశ్న తట్టనే లేదని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పాత కాగితాలు తీశాను. చాలామందికి ఆ మాట దగ్గర ఎర్ర గుర్తు పడింది కానీ వాళ్లు వేరే మార్కులతో గట్టెక్కారు. ఒక్కడు మాత్రం మూడోసారి కూడా ముప్పై ఐదు దగ్గర ఆగిపోయాడు. నెల్లూరు కుర్రాడు. బూన్ లే పేటలో నలుగురితో కలిసి గదిలో ఉండేవాడు. ఉద్యోగం ఖాయం కాక వెనక్కి వెళ్లిపోయాడు. అది జరిగి ఎనిమిదేళ్లు. వెళ్లేటప్పుడు నా కాళ్లకు నమస్కారం పెట్టాడు. నేను ఆశీర్వదించాను కూడా.

నంబరు సంపాదించడానికి నాలుగు రోజులు పట్టింది. ఫోన్ ఎత్తగానే గొంతు గుర్తుపట్టాడు.

“సార్! మీరా సార్! బాగుండారా సార్?”

ఇప్పుడు వాళ్ల ఊరి దగ్గర ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడట. నేను కుశల ప్రశ్నలు లేకుండా సంగతి చెప్పాను. నీ మూడో పరీక్షలో ఫలానా మాట నువ్వు సరిగానే పలికావు, నేనే తప్పుగా దిద్దాను, నీకు అన్యాయం జరిగింది, క్షమించు అన్నాను. మా వంశంలో క్షమించు అన్న మాట నోటితో అన్న మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను.

అతను నవ్వాడు.

“మీరు పెద్దోళ్లు సార్. నేనింకా బాధపడతా ఉన్నానేమో అని అట్లా చెప్తా ఉండారు. నాకేం బాధలేదు సార్. మీరు నేర్పిన మాటలే నాకు కూడు పెడతా ఉండాయి. నలభై మాటలూ పిల్లకాయలకి అదేమాదిరి నేర్పిస్తా ఉండా. ఇక్కడ డాక్టర్లు కొందరు నవ్వతారు. సింగపూర్‌లో ఇట్లే అంటారయ్యా, మా సార్ జమీందార్ల బిడ్డ, ఆయనకి తెలీదా అంటా. నోరు మూస్తారు.”

“అది కాదు బాబూ, నేను నిజంగానే చెబుతున్నాను. అందులో పి పలకాలి.”

“ఊరుకోండి సార్. పోయినేడాది ఒక పిల్ల మొండికేసింది, పి పలకతానని. ఎన్ని మాట్లు చెప్పినా వినలా. ప్రాక్టికల్స్‌లో ఒక్క మార్కు కోసి ఆపేసినాను. మీ మాదిరే సార్, మొహమాటం లేకుండా.”

నేను కుర్చీలో కూర్చున్నాను. పెన్ను తీసి, కాగితం దగ్గరికి లాక్కున్నాను.

“ఆ అమ్మాయి పేరు చెప్పు” అన్నాను. “ఫోన్ నంబరు కూడా.”